పరకీయ ఎవరిది? ‘ది అవేకెనింగ్’, ‘మైదానం’ నవలల్లో గడప దాటిన భార్యలు: చారిత్రక, తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

వివాహబంధంలో ఉంటూ పరపురుషుణ్ణి ప్రేమించిన స్త్రీ పాత్ర సాహిత్యానికి కొత్తది కాదు. తెలుగు ప్రబంధాలలోనూ, కథాకావ్యాలలోనూ, యూరప్ నవలలలోనూ ఆమెకు దీర్ఘమైన చరిత్ర ఉంది. స్త్రీ స్వేచ్ఛను ప్రధాన ప్రశ్నగా స్వీకరించిన తొలినాటి కథాసాహిత్యం ఈ పాత్రను ఏ విధంగా మార్చిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు అమెరికన్ రచయిత్రి కేట్ చోపిన్ రచించిన ‘ది అవేకెనింగ్’ (1899), గుడిపాటి వెంకటచలం రచించిన ‘మైదానం’ (1927) ప్రధాన ఆధారాలు. ఈ రెండు నవలల్లోనూ భర్తను విడవడం అంత కష్టమైన పని కాదనీ, ప్రియుడిలో భర్త మళ్ళీ తలెత్తడం, ఆపైన మాతృత్వం ఎదురుకావడం అసలు సంఘర్షణ అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పరకీయ, వివాహేతర ప్రేమ, కేట్ చోపిన్, చలం, మైదానం, మాతృత్వం, భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్, తొలినాటి స్త్రీవాద నవల.

1. ఉపోద్ఘాతం

అలంకారశాస్త్రం నాయికలను స్వీయ, పరకీయ, సామాన్య అని మూడు విధాలుగా విభజించింది. ఈ విభజనకు ఆధారం నాయిక స్వభావం కాదు, ఆమె ఎవరికి చెందుతుందన్న ప్రశ్న. స్వీయ నాయకునికి చెందినది. పరకీయ పరునికి, అంటే మరొక భర్తకో, కన్య అయితే తండ్రికో చెందినది. సామాన్య అందరికీ చెందినది. తనకు తాను చెందిన స్త్రీకి ఈ వర్గీకరణలో పేరు లేదు.

పందొమ్మిదో శతాబ్ది చివర, ఇరవయ్యో శతాబ్ది మొదట వచ్చిన కొన్ని నవలలు సరిగ్గా ఈ లోటు దగ్గరే మొదలయ్యాయి. వాటిలో భర్తను కాదన్న భార్య ఇంకొకరి సొత్తుగా మారడానికి ఇల్లు విడవదు. తాను ఎవరి సొత్తూ కానని తెలుసుకోవడానికి విడుస్తుంది. ఆ ప్రయత్నంలో ఆమె ఎంత దూరం వెళ్ళగలిగింది, ఎక్కడ ఆగిపోయింది అన్నదే ఆ నవలల చారిత్రక విలువను నిర్ణయిస్తుంది.

‘ది అవేకెనింగ్’, ‘మైదానం’ నవలలను కలిపి పరిశీలించడం ఒకదానిపై మరొకదాని ప్రభావాన్ని నిరూపించడానికి కాదు. 1920ల నాటికి చోపిన్ నవల అమెరికాలోనే మరుగున పడి ఉంది. భాష, మతం, న్యాయవ్యవస్థ వేరైన రెండు సమాజాల్లో, 28 ఏళ్ళ తేడాతో వచ్చిన రెండు రచనలు ఒకే చోట చిక్కుకోవడమే ఈ తులనకు కారణం.

2. పూర్వ కథాసంప్రదాయాలలో పరకీయ

తెలుగులో పరపురుషుణ్ణి కోరిన భార్య కథ చలంతో మొదలు కాలేదు. మధుర నాయకరాజుల కాలంలో శేషము వేంకటపతి ‘శశాంకవిజయం’లో బృహస్పతి భార్య తార చంద్రుణ్ణి ప్రేమించిన కథ చెప్పాడు. సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు ‘అహల్యాసంక్రందనం’లో అహల్యేంద్రుల ప్రణయాన్ని ప్రబంధంగా విస్తరించాడు. అయ్యలరాజు నారాయణామాత్యుని ‘హంసవింశతి’లో భర్త ఊళ్ళో లేనప్పుడు రాజు దగ్గరకు బయలుదేరిన హేమవతిని హంస ఇరవై కథలు చెప్పి ఆపుతుంది. ఆ కథల్లో ఎక్కువ భాగం భర్త కన్నుగప్పిన స్త్రీల కథలే.

ఈ కావ్యాల్లో స్త్రీ కోరికకు దాపరికం లేదు. తార మనసులోని తాపాన్ని కవి విపులంగానే వర్ణించాడు. కానీ ఆ కోరికకు రెండు హద్దులున్నాయి. ప్రబంధంలో అది పురాణకథ నీడలో ఉంటుంది: తార తిరిగి బృహస్పతి ఇంటికి చేరవలసిందే, అహల్య శాపం పొందవలసిందే. హంసవింశతి వంటి కథాకావ్యంలో అది గడసరితనంగా మారుతుంది: దొరికిపోకుండా తప్పించుకోవడం ఎలాగన్నదే అక్కడ ఆసక్తి. తార అయినా, కథల్లోని జారిణి అయినా భర్తతో తన బంధం ఎందుకు నిలవాలని అడగదు. భర్త స్థానం చెక్కుచెదరదు, కాసేపు మోసపోతుంది, అంతే.

సంస్కరణోద్యమ కాలంలో ఈ సంప్రదాయం మీద అశ్లీలతాముద్ర పడింది. ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ను కందుకూరి వీరేశలింగం నిందించడం, 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని తిరిగి ప్రచురించినప్పుడు ప్రభుత్వం నిషేధించడం తెలిసిన విషయాలే. సంస్కర్తల దృష్టిలో దారి తప్పడం పురుషుని లక్షణం, సరిదిద్దడం స్త్రీ బాధ్యత. గురజాడ అప్పారావు 1910లో ప్రచురించిన ‘దిద్దుబాటు’ ఇందుకు చక్కని ఉదాహరణ. సానిపాట కోసం రాత్రిళ్ళు బయట గడిపిన గోపాలరావును చదువుకున్న భార్య కమలిని ఒక ఉత్తరంతో దారికి తెస్తుంది. కమలిని తెలివికి కథలో గౌరవం ఉంది. ఆమె ఇల్లు విడిచినట్లు నటించగలదు, విడవలేదు.

యూరప్ నవల వేరే దారిలో నడిచింది. ఫ్లాబేర్ ‘మదామ్ బొవారీ’లో ఎమ్మా విషం మింగుతుంది. టాల్‌స్టాయ్ ‘అన్నా కరేనినా’లో అన్నా రైలు కింద పడుతుంది. ఎమ్మా కథ రాసినందుకు ఫ్లాబేర్ 1857లో పారిస్‌లో విచారణను ఎదుర్కొని నిర్దోషిగా బయటపడ్డాడు. ఈ మహారచనల్లో స్త్రీ అంతరంగం లోతుగా వెల్లడైంది. అయినా ప్రేమికుడు దొరకడం, అతడు చేజారడం అనే పరిధిలోనే ఆ స్త్రీల జీవితం ఎక్కువగా తిరుగుతుంది. ఇబ్సెన్ ‘ఎ డాల్స్ హౌస్’ (1879) ఆ పరిధిని ఛేదించింది. నోరా ఏ ప్రియుని కోసమూ కాక తనకోసం గడప దాటింది. అయితే తలుపు మూసుకున్న చప్పుడుతో నాటకం ముగిసింది. గడప దాటాక ఏమవుతుందన్న ప్రశ్న తరువాతి రచయితలకు మిగిలింది.

3. చట్టం దృష్టిలో భార్య

ఈ రెండు నవలల వెనుక ఉన్న చట్టాలను గమనిస్తే అవి ఎదుర్కొన్న భావం స్పష్టమవుతుంది.

‘ది అవేకెనింగ్’ కథాస్థలం లూసియానా రాష్ట్రం. అక్కడి సివిల్ కోడ్ ఫ్రెంచి న్యాయసంప్రదాయం నుంచి వచ్చింది. 1870 నాటి కోడ్ ప్రకారం భర్త ఎక్కడ నివసించదలిస్తే భార్య అక్కడికి వెళ్ళాలి, అతనితోనే ఉండాలి. వేరు పడడానికి కోర్టుకు వెళ్ళేటప్పుడు భార్య పరపురుషసాంగత్యం దానంతటదే చాలిన కారణం. భర్త విషయంలో మాత్రం అతడు ఉంపుడుగత్తెను కాపురమున్న ఇంట్లోనో, బాహాటంగా మరోచోటనో ఉంచుకొని ఉండాలి.

భారతదేశంలో 1837 నాటి మెకాలే ముసాయిదా శిక్షాస్మృతిలో వ్యభిచారం నేరంగా లేదు. బాల్యవివాహాలూ, బహుభార్యాత్వమూ ఉన్న దేశంలో భార్యను అందుకు శిక్షించడం న్యాయం కాదన్న ఆలోచన అప్పటి చర్చలో ఉంది. 1860లో ఆమోదం పొందిన శిక్షాస్మృతి 497వ సెక్షన్‌గా ఆ నేరాన్ని చేర్చింది. శిక్ష ఆ పురుషునికే, గరిష్ఠంగా ఐదేళ్ళ జైలు. భార్యను ప్రేరేపకురాలిగానైనా శిక్షించకూడదని సెక్షనే చెప్పింది.

పైకి ఇది దయలా కనిపిస్తుంది. భర్త సమ్మతి ఉంటే నేరమే లేదన్న నియమాన్ని చూసినప్పుడు దాని అసలు రూపం బయటపడుతుంది. ఇక్కడ నష్టపోయినవాడు భర్త, నష్టం కలిగించినవాడు పరపురుషుడు. భార్య ఆ ఇద్దరి మధ్య ఉన్న వస్తువు. 498వ సెక్షన్ దీన్ని మరింత స్పష్టం చేసింది: వివాహితను ఆశచూపి తీసుకుపోవడం నేరం. ఆ వాక్యంలో కర్త ఎప్పుడూ పురుషుడే. స్త్రీ తనంతట తాను వెళ్ళిందని చెప్పడానికి ఆ చట్టంలో మాట లేదు.

హిందూ ధర్మశాస్త్రం ప్రకారం పెళ్ళి చేసుకున్న బ్రాహ్మణస్త్రీకి 1927లో విడాకుల మార్గం లేదు. పురుషుడు మాత్రం మరొక పెళ్ళి చేసుకోవచ్చు. విడాకులను దేశవ్యాప్తంగా హిందువులకు అనుమతించి, ఏకపత్నీ నియమాన్ని విధించిన హిందూ వివాహచట్టం 1955లో వచ్చింది. భర్తతో కాపురానికి నిరాకరించిన రఖ్మాబాయి 1884 నుంచి బొంబాయి కోర్టుల్లో పోరాడవలసి వచ్చింది. కాపురానికి వెళ్ళాలి, లేకుంటే జైలుకు వెళ్ళాలి అని 1887లో న్యాయస్థానం ఆదేశించింది. రఖ్మాబాయి జైలునే ఎంచుకోవడానికి సిద్ధపడింది. ఆమె ఎవరినీ ప్రేమించి ఇల్లు విడవలేదు. భర్త వద్దు అన్నది, అంతే. ఆ మాటే నేరమైన కాలంలో రాజేశ్వరి పాత్ర పుట్టింది.

4. ఎడ్నా: తనదైన ఇల్లు

ఎడ్నా పాంటెల్లియర్ 28 ఏళ్ళ గృహిణి. కెంటకీలో ప్రెస్బిటేరియన్ కుటుంబంలో పెరిగి, న్యూ ఆర్లియన్స్‌లోని క్రియోల్ కాథలిక్ వ్యాపారి లియోన్స్‌ను పెళ్ళాడింది. ఇద్దరు కొడుకులు. నవల మొదటి అధ్యాయంలోనే ఎండకు కమిలిన భార్యను లియోన్స్ విలువైన వస్తువుకు నష్టం కలిగినట్లు చూస్తాడు. అతడు క్రూరుడు కాడు. ఖర్చుకు డబ్బిస్తాడు, పండ్లూ మిఠాయిలూ పంపుతాడు. చోపిన్ కావాలనే మంచి భర్తను సృష్టించింది. భర్త దుర్మార్గుడైతే సమస్య అతని గుణంలో ఉందని పాఠకులు సరిపెట్టుకొనేవారు.

గ్రాండ్ ఐల్ సముద్రతీరంలో వేసవి గడుపుతుండగా ఎడ్నాకు రాబర్ట్ లెబ్రున్‌తో సాన్నిహిత్యం కలుగుతుంది. అక్కడే ఆమె ఈత నేర్చుకుంటుంది. రాబర్ట్ మెక్సికో వెళ్ళిపోతాడు. నగరానికి తిరిగి వచ్చిన ఎడ్నా మంగళవారాల అతిథి సత్కారాలు మానేస్తుంది, చిత్రలేఖనంలో మునుగుతుంది. ఆల్సే ఆరోబిన్‌తో ఆమెకు శారీరక సంబంధం ఏర్పడుతుంది. ఆ సంబంధం పట్ల ఆమె సిగ్గుపడదు. అది ప్రేమ కాకపోయెనే అన్న చింత మాత్రమే ఆమెకు కలుగుతుంది. పాతివ్రత్యభంగానికి పశ్చాత్తాపమే తగిన స్పందన అనుకొనే కాలంలో 1899 నాటి విమర్శకులను కలవరపరిచిన అంశాల్లో ఇది ముఖ్యమైనది.

ఆమె చేసిన అన్నిటికంటే పెద్ద ఉల్లంఘన ఆరోబిన్ కాదు, ఇల్లు మారడం. తల్లి ఆస్తి నుంచి వచ్చిన కొద్దిపాటి సొమ్ము, గుర్రప్పందెంలో గెలిచిన డబ్బు, బొమ్మలు అమ్మగా వచ్చిన రాబడి కలిపి ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంటుంది. నవలలో దానికి పావురాల గూడు అని పేరు. ఈ సంగతి విన్న లియోన్స్ భార్య శీలం గురించి కాక తన వ్యాపార ప్రతిష్ఠ గురించి ఆందోళన పడతాడు. పాత ఇంటికి మరమ్మతులు జరుగుతున్నాయని పత్రికలో వేయిస్తాడు. భర్త ఉన్నచోటే భార్య ఉండాలన్న కోడ్ నియమం నేపథ్యంలో ఈ పత్రికా ప్రకటనకు అర్థం తెలుస్తుంది. చట్టం కళ్ళకు భార్య వేరింటికి పోలేదు, ఇల్లే మరమ్మతుకు వెళ్ళింది.

5. రాజేశ్వరి: ఇల్లు లేని చోటు

‘మైదానం’ రాజేశ్వరి బ్రాహ్మణ వకీలు భార్య. భర్త దగ్గరకు వచ్చిన ముస్లిం యువకుడు అమీర్‌ను ప్రేమించి అతనితో వెళ్ళిపోతుంది. ఇద్దరూ ఊరికి దూరంగా ఒక మైదానంలో కాపురముంటారు. ఎడ్నా ఇల్లు మారితే రాజేశ్వరి ఇంటినే విడుస్తుంది. మడి, పూజ, వంటిల్లు, చుట్టాల రాకపోకలు, ఇరుగుపొరుగు మాటలు అన్నీ ఒక్కసారి ఆమె జీవితం నుంచి తొలగిపోతాయి. మిగిలినవి ఎండ, గాలి, నీరు, శరీరం.

ఈ నవలలో అత్యంత ముఖ్యమైన అంశం కథనం. రాజేశ్వరే తన కథ చెబుతుంది. 498వ సెక్షన్ భాషలో అయితే అమీర్ ఆమెను తీసుకుపోయాడు. ఆమె భాషలో ఆమె వెళ్ళింది. శిక్షాస్మృతి నిరాకరించిన కర్తృత్వాన్ని నవల వ్యాకరణం తిరిగి ఇచ్చింది. తార, అహల్యల మాటల మీద పౌరాణిక కథకుని అదుపు ఉంటుంది. రాజేశ్వరి మాట మీద మరొకరి తీర్పు లేదు. తనను లోకం ఏ పేర్లతో పిలుస్తుందో ఆమెకు తెలుసు. ఆ పేర్లను తానే ముందుగా తలుచుకొని పక్కన పెట్టగల ధైర్యం ఆమె కంఠస్వరంలో ఉంది.

భర్త పాత్ర చిత్రణలో రెండు నవలలకూ దగ్గరి పోలిక ఉంది. వకీలు కూడా రాక్షసుడు కాడు. లోకం మెచ్చే గృహస్థుడే. అతనితో రాజేశ్వరి బంధం తెగిపోవడానికి కొట్లాట అవసరం కాలేదు. చలం ‘స్త్రీ’ (1930) వ్యాసాల్లో వాదించిన విషయానికి ఇది కథారూపం: శరీరం, మెదడు, హృదయం ఉన్న మనిషిగా స్త్రీకి వ్యాయామం, జ్ఞానం, అనుభవం కావాలి. ఇవేవీ దొరకని ఇంట్లో భర్త మంచివాడు కావడం మాత్రమే చాలదు.

6. ప్రియుడిలో తలెత్తిన భర్త

ఇంతవరకు రెండు కథలూ విముక్తి కథల్లా నడుస్తాయి. వాటిని సాధారణ ప్రణయకథల నుంచి వేరు చేసేది ఆ తరువాతి ఘట్టం.

మెక్సికో నుంచి తిరిగి వచ్చిన రాబర్ట్ ఎడ్నాను భార్యగా చేసుకోవాలని కలలు కన్నానని చెబుతాడు. లియోన్స్ ఆమెను వదిలిపెట్టే అవకాశం గురించి ఆలోచించానంటాడు. అలా జరిగితే ఇద్దరినీ చూసి నవ్వుతానని ఎడ్నా అంటుంది. తాను ఒకరు ఇవ్వడానికీ, మరొకరు పుచ్చుకోవడానికీ లియోన్స్ ఆస్తి కానని స్పష్టం చేస్తుంది. ఆ మాట విన్న రాబర్ట్ పాలిపోతాడు. అతడు ఆమెను నిజంగానే ప్రేమించాడు. కానీ అతని ప్రేమ పాత హక్కుదారు నుంచి కొత్త హక్కుదారుకు జరిగే బదిలీగా తప్ప ఆమెను ఊహించలేదు. చివరకు ప్రేమిస్తున్నందువల్లనే వెళ్ళిపోతున్నానని చీటీ రాసి తప్పుకుంటాడు. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే రాబర్ట్ పరకీయను స్వీయగా మార్చుకోదలిచాడు. ఎడ్నా ఆ పరిభాషనే నిరాకరించింది.

అమీర్ వేరే తరహా మనిషి. అతనికి పెళ్ళి పట్టదు, మర్యాద పట్టదు. సంఘం కట్టుబాట్లన్నిటికీ వెలుపల ఉన్నవాడిగా కనిపిస్తాడు. అయితే అతని మనసు మరో యువతి వైపు మళ్ళినప్పుడు రాజేశ్వరి తన అసూయతో తానే పోరాడి, అతని కోరికను అర్థం చేసుకోవడానికి యత్నిస్తుంది. ఆమె హృదయంలో మీరా అనే యువకునికి చోటు కలిగినప్పుడు అమీర్ అదే పని చేయలేడు. స్వేచ్ఛ పేరుతో మొదలైన జీవితంలో ఒకరికి ఇచ్చిన మినహాయింపు మరొకరికి లేదు. మంగళసూత్రం లేకుండానే యాజమాన్యం సాధ్యమని మైదానం చూపింది. అమీర్ మరణంతోనూ, రాజేశ్వరి జైలుతోనూ కథ ముగుస్తుంది.

చలాన్ని స్వేచ్ఛాప్రణయ ప్రచారకునిగా మాత్రమే చూసే విమర్శ ఈ ఘట్టాన్ని తగినంతగా గమనించలేదు. భర్తను విడిచి ప్రియునితో వెళితే స్త్రీ సమస్య తీరుతుందని ఈ నవల చెప్పదు. అలా వెళ్ళిన స్త్రీకి ఎదురయ్యే రెండో యాజమాన్యాన్ని నిర్దాక్షిణ్యంగా చిత్రిస్తుంది.

7. మాతృత్వం దగ్గర ఆగిన అడుగులు

రెండు నవలల్లోనూ కథను విరిచిన సంఘటన ఒకటే: గర్భం. కానీ అది ఇద్దరినీ వ్యతిరేక దిశల నుంచి తాకింది.

రాబర్ట్‌తో మాట్లాడుతుండగానే ఎడ్నాకు స్నేహితురాలు అడెల్ రాటిన్యోల్ ప్రసవవేదన పడుతున్నదని కబురు వస్తుంది. అడెల్ ఆదర్శ మాత. ఆ ప్రసవాన్ని చూసిన ఎడ్నా ప్రకృతి మీద తిరుగుబాటు భావంతో కుమిలిపోతుంది. పిల్లల గురించి ఆలోచించు అని అడెల్ అలసిన గొంతుతో హెచ్చరిస్తుంది. మానవజాతికి తల్లులు కావాలి కాబట్టి ప్రకృతి యౌవనాన్ని భ్రమలతో వల వేస్తుందని డాక్టర్ మాండెలే అంటాడు. పిల్లల కోసం ప్రాణమైనా ఇస్తాను గాని తనను తాను ఇవ్వలేనని ఎడ్నా అంతకుముందే అడెల్‌తో వాదించింది. ఆ రెండింటికీ తేడా ఏమిటో అడెల్‌కు అర్థం కాలేదు. చివర సముద్రంలోకి నడిచేటప్పుడు ఎడ్నా మనసులో మెదిలేవారిలో భర్తా పిల్లలూ ఉన్నారు. భర్తను ఆమె ఎప్పుడో దాటింది. పిల్లలను దాటడం సాధ్యం కాలేదు.

రాజేశ్వరి స్థితి దీనికి తలకిందులు. ఆమె బిడ్డను కోరుకుంటుంది. అమీర్ వద్దని పట్టుబడతాడు. అమీర్‌కు కావలసింది ప్రియురాలు. తల్లి అయితే ఆమె శ్రద్ధ పంచుకుపోతుందని అతని భయం. వకీలు ఇంట్లో సంతానం వంశం కోసం. అక్కడ స్త్రీ శరీరం కుటుంబానిది. మైదానంలో సంతానం నిషిద్ధం. అక్కడ స్త్రీ శరీరం ప్రియునిది. కనమన్నా, కనవద్దన్నా నిర్ణయం ఆమెది కాదు.

ఈ వ్యతిరేకత వెనుక చరిత్ర ఉంది. 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం అమెరికాలో గర్భనిరోధక సమాచారాన్ని తపాలా ద్వారా పంపడాన్ని నేరం చేసింది. భారత శిక్షాస్మృతి 312వ సెక్షన్ ప్రకారం, స్త్రీ ప్రాణరక్షణకు తప్ప, గర్భస్రావం కలిగించడం నేరంగా ఉండేది. తనకు తానే చేసుకున్న స్త్రీ కూడా శిక్షార్హురాలయ్యేది. వ్యభిచారంలో స్త్రీని కర్తగా గుర్తించని శిక్షాస్మృతి గర్భస్రావంలో మాత్రం ఆమెను కర్తగా గుర్తించింది. కోరికకు బాధ్యురాలు కాని స్త్రీ సంతానానికి బాధ్యురాలైంది. ఎడ్నా, రాజేశ్వరి ఇద్దరి నడకా ఆగినది ఇక్కడే.

8. శిక్ష, ప్రచురణ, కథనాధికారం

సముద్రం, జైలు: రెండు ముగింపులనూ రచయితలు పాత్రలకు విధించిన శిక్షలుగా చదివిన విమర్శ ఉంది. ఈ విషయంలో చోపిన్ రాసిన మరొక కథ ముఖ్యమైన సాక్ష్యం. 1898 జులైలో ఆమె ‘ది స్టార్మ్’ అనే కథ రాసింది. తుపాను వేళ కాలిక్స్టా ఇంటికి పూర్వప్రియుడు ఆల్సే లాబల్యేర్ వస్తాడు. ఇద్దరూ కలుస్తారు. తుపాను వెలిశాక భర్తా కొడుకూ ఇంటికి చేరుకుంటారు. ఎవరికీ ఏ కీడూ జరగదు, అందరూ సంతోషంగా ఉంటారు. చోపిన్ ఈ కథను తన జీవితకాలంలో ప్రచురించలేదు. నార్వే పండితుడు పెర్ సేయర్‌స్టెడ్ సంపాదకత్వంలో 1969లో ఆమె సమగ్ర రచనలు వెలువడినప్పుడు అది తొలిసారి అచ్చయింది. మరణించిన ఎడ్నా 1899లోనే పాఠకుల ముందుకు రాగలిగింది. శిక్ష పడని కాలిక్స్టా 70 ఏళ్ళు ఆగవలసి వచ్చింది. కాబట్టి తొలినాటి స్త్రీవాద నవలల్లోని విషాదాంతాన్ని రచయిత తీర్పుగా మాత్రమే కాక, ఆనాటి ప్రచురణరంగం అనుమతించిన హద్దుగా కూడా చదవడం అవసరం.

చోపిన్ నవలకు పరుషమైన సమీక్షలు వచ్చాయి. 1900లో ఆమె తదుపరి కథాసంపుటిని ప్రచురణకర్త తిప్పి పంపాడు. గ్రంథాలయాలు నవలను నిషేధించాయన్న ప్రచారానికి మాత్రం ఆధారాలు లేవని తరువాతి పరిశోధకులు తేల్చారు. నిషేధం అవసరం లేకుండానే ఉపేక్ష ఆ పని చేసింది. ‘మైదానం’ చరిత్ర వేరు. చలం మీద బూతురచయిత అన్న ముద్ర పడినా పుస్తకం పాఠకుల చేతుల్లో తిరుగుతూనే ఉంది. ఓల్గా, రంగనాయకమ్మ వంటి రచయిత్రులు చలం స్త్రీ పాత్రలను భిన్నదృష్టులతో చర్చించి వాటిని స్త్రీవాద విమర్శ పరిధిలోకి తెచ్చారు.

కథనాధికారంలో ఒక ఆసక్తికరమైన తారుమారు గమనించదగ్గది. స్త్రీ అయిన చోపిన్ ఎడ్నా కథను ప్రథమపురుషలో చెప్పింది. పురుషుడైన చలం రాజేశ్వరి కథను ఉత్తమపురుషలో, స్త్రీ గొంతుతో చెప్పాడు. చోపిన్ పాటించిన దూరం వల్ల ఎడ్నా తన గురించి తాను తెలుసుకోలేని విషయాలు కూడా పాఠకులకు తెలుస్తాయి. చలం ఎంచుకున్న సాన్నిహిత్యం రాజేశ్వరికి ఎదురులేని అధికారాన్ని ఇచ్చింది. అదే సమయంలో ఆ గొంతులో వినిపించే సంపూర్ణ ఆత్మార్పణ స్త్రీదా, లేక స్త్రీ నుంచి పురుషుడు కోరుకొనేదా అన్న సందేహానికీ చోటిచ్చింది.

ఇద్దరు రచయితలూ చూడని అంశాలు కూడా ఉన్నాయి. ఎడ్నా బొమ్మలు వేసుకొనే తీరిక ఆమె పిల్లలను పెంచే నల్లజాతి, మిశ్రమజాతి స్త్రీల శ్రమ మీద ఆధారపడింది. ఆ పనిమనుషుల్లో చాలామందికి నవలలో పేర్లు కూడా లేవు. బ్రాహ్మణ గృహానికి వెలుపలి ప్రపంచంగా ‘మైదానం’ ఒక ముస్లిం యువకుణ్ణి నిలబెట్టింది. అమీర్ ప్రకృతికీ ఆవేశానికీ ప్రతీకగా ఉన్నంతగా తన కుటుంబం, సమాజం, చరిత్ర ఉన్న మనిషిగా కనిపించడు. గడప దాటిన భార్య స్వేచ్ఛ ఎవరి జీవితాలను నేపథ్యంగా వాడుకుందన్న ప్రశ్న నేటి పాఠకులు అడగవలసినదే.

9. ముగింపు

పైన చేసిన పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, తొలినాటి స్త్రీవాద నవలలో భార్య ఉల్లంఘన భర్తకు చేసిన ద్రోహంగా కాక, ఆమె ఎవరికి చెందుతుందన్న ప్రశ్నగా నిలిచింది. పూర్వసంప్రదాయంలోని పరకీయ నుంచి ఎడ్నానూ, రాజేశ్వరినీ వేరు చేసే అంశం ఇదే. రెండవది, ప్రియుడు ఈ నవలల్లో గమ్యం కాడు, పరీక్ష. రాబర్ట్ ఆ పరీక్షలో పెళ్ళి పేరుతో ఓడిపోతే, అమీర్ ప్రేమ పేరుతో ఓడిపోయాడు. మూడవది, స్త్రీ శరీరం మీద నిర్ణయాధికారం లేకుండా గడప దాటడం అసంపూర్ణమేనని గర్భం చుట్టూ అల్లిన ఘట్టాల ద్వారా రెండు నవలలూ వెల్లడించాయి.

భారత సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న జోసెఫ్ షైన్ కేసులో 497వ సెక్షన్‌ను కొట్టివేస్తూ భార్య భర్త ఆస్తి కాదని ప్రకటించింది. ఎడ్నా ఆ మాట 1899లో రాబర్ట్‌తో అన్నది. రాజేశ్వరి 1927లో అనకుండానే ఆచరించింది. అయితే న్యాయస్థానం తీర్పు భర్త యాజమాన్యానికి మాత్రమే జవాబు చెప్పగలిగింది. ప్రియుని యాజమాన్యం గురించీ, కనడమా మానడమా అన్న నిర్ణయం గురించీ ఈ నవలలు లేవనెత్తిన ప్రశ్నలు ఆ సెక్షన్ పరిధిలోనివి కావు. తెలుగులో వివాహేతర ప్రేమను చిత్రించిన నవలలను, ముఖ్యంగా చలం తరువాతి రచయిత్రుల నవలలను, నాయికకు చివర శిక్ష పడిందా లేదా అన్న కొలతతో కాక ఈ రెండు ప్రశ్నల వెలుగులో తిరిగి పరిశీలించినప్పుడు ‘స్వీయ’ అన్న మాటకు సాహిత్యంలో కొత్త అర్థం ఎప్పుడు, ఎవరి చేతుల్లో ఏర్పడిందో నిర్ధారించడం వీలవుతుంది.